అమ్మమ్మ భక్తిని కొలిచేదెలా? మత మనస్తత్వ శాస్త్రంలో పరిశోధన అవకాశాలు

పదో తరగతి పరీక్షల రోజుల్లో మన హాస్టల్ గది ఎలా ఉండేదో అందరికీ గుర్తుండే ఉంటుంది. తెల్లవారుజామున ఒకరు విభూతి పెట్టుకునేవారు. ఒకరు మోకరించి ప్రార్థన చేసేవారు. ఒకరు అంబేద్కర్ ఫొటోకు దండం పెట్టి పుస్తకం తెరిచేవారు. ఇంకొకరు అందరినీ చూసి నవ్వేవారు. ఆ గదిలోనే ఒక శాస్త్రానికి కావలసిన ప్రశ్నలన్నీ ఉన్నాయని డిగ్రీలో సైకాలజీ చదివేదాకా మాకు తెలియలేదు. ఆ శాస్త్రాన్ని తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పరిచయం చేయాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

ఏమిటీ శాస్త్రం?

దేవుడు ఉన్నాడా లేడా అన్నది మత మనస్తత్వ శాస్త్రం తేల్చదు. ఏ మతం గొప్పదో చెప్పదు. నమ్మకం మనిషిలో ఎలా పుడుతుంది, ఎలా మారుతుంది, కష్టంలో ధైర్యమిస్తుందా, భయాన్ని పెంచుతుందా అని అడుగుతుంది. అమెరికాలో ఎడ్విన్ స్టార్‌బక్ ప్రశ్నావళులతో జవాబులు సేకరించి 1899లో ఈ శాస్త్రం పేరుతోనే పుస్తకం వేశారు. విలియం జేమ్స్ ఎడింబరోలో ఇచ్చిన ఉపన్యాసాలు 1902లో 'ద వెరైటీస్ ఆఫ్ రెలిజియస్ ఎక్స్‌పీరియన్స్' పేరుతో వెలువడ్డాయి. ఒంటరిగా ఉన్నప్పుడు వ్యక్తి పొందే అనుభవానికే జేమ్స్ పెద్దపీట వేశారు. 1967లో ఆల్‌పోర్ట్, రాస్ అనే ఇద్దరు ఒక కొలమానం ప్రచురించారు. మతాన్నే బతుకుగా చేసుకున్నవారు ఎవరు, ఇతర ప్రయోజనాల కోసం పాటించేవారు ఎవరు అని చూడడం దాని ఉద్దేశం.

మన చరిత్ర అడిగే ప్రశ్న

ఈ తొలి పరిశోధనలు ఎక్కువగా అమెరికా క్రైస్తవుల మీద జరిగినవి. మన దగ్గర సంగతి వేరు. 1876-78 కరువు తర్వాత, 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. కరువు సాయం నడిచినంతకాలం మిషనరీ జాన్ క్లఫ్ బాప్తిస్మాలు ఆపి ఉంచారు. మరి సాయం ముగిశాక కూడా అంతమంది ఎందుకు వచ్చారు? ఆకలా, ఆత్మగౌరవమా, బంధువుల మాటా, విశ్వాసమా? 1935లో మతం మారతానని ప్రకటించిన అంబేద్కర్, 21 ఏళ్ల తర్వాత 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షలాది మందితో బౌద్ధం స్వీకరించారు. ఇవి ఒంటరి మనిషి అనుభవాలు కావు. వాడలకు వాడలు కలిసి తీసుకున్న నిర్ణయాలు.

ఇంకో చిక్కు చూడండి. భక్తిని కొలిచే ప్రశ్నావళుల్లో తరచుగా కనిపించే ప్రశ్న, "మీరు గుడికి ఎన్నిసార్లు వెళతారు?" అన్నది. గుడి గడప తొక్కనివ్వని కాలంలో బతికిన మన అమ్మమ్మ దానికి ఏం జవాబు చెబుతుంది? ఏటా పోచమ్మకు బోనం ఎత్తినా ఆ కాగితం మీద ఆమెకు పడేది సున్నా. అది ఆమె భక్తిలో లోటు కాదు, ప్రశ్నలో లోటు. ఆ ప్రశ్నను సరిచేయగలిగిన వాళ్లం మనమే.

మన దేశంలో జరిగిన పని

సుధీర్ కకర్ 1982లో వెలువరించిన 'షామన్స్, మిస్టిక్స్ అండ్ డాక్టర్స్' మన దేశపు సంప్రదాయ వైద్యుల గురించి రాసిన పుస్తకం. అలహాబాద్ మాఘమేళాలో నెలరోజులు చలిలో గడిపే కల్పవాసులను భారత, బ్రిటన్ పరిశోధకులు మేళాకు ముందూ తర్వాతా ప్రశ్నించారు. ఇళ్లలోనే ఉన్నవారితో పోలిస్తే, వెళ్లి వచ్చినవారు తమ ఆరోగ్యం మెరుగైందని చెప్పారు. 2012లో 'ప్లాస్ వన్' పత్రికలో వచ్చిన ఈ వ్యాసాన్ని ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య కోనేరు రామకృష్ణారావు (1932-2021) భారతీయ మనస్తత్వ శాస్త్రం మీద విస్తృతంగా కృషి చేశారు.

ఎలా మొదలుపెట్టాలి?

1. జేమ్స్, స్టార్‌బక్ పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. మన విశ్వవిద్యాలయాల పిహెచ్‌డి గ్రంథాలెన్నో 'శోధ్‌గంగ'లో ఉన్నాయి.

2. డిగ్రీలో సైకాలజీ తీసుకున్నవారు ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో పీజీకి ప్రయత్నించవచ్చు.

3. పీజీ తర్వాత యూజీసీ నెట్ రాయండి. పిహెచ్‌డి చేసే ఎస్సీ విద్యార్థులకు నేషనల్ ఫెలోషిప్ ఉంది. ఇది రాజీవ్ గాంధీ పేరుతో 2005-06లో మొదలైంది. ఐసీఎస్‌ఎస్‌ఆర్ ఫెలోషిప్‌లు కూడా చూడండి.

4. అంతదాకా ఆగనక్కరలేదు. ఈ సెలవుల్లోనే ఒక నోటుబుక్కు తీసుకుని ఊళ్లో పదిమంది పెద్దలను అడగండి: మొక్కు ఎందుకు మొక్కారు, తీరనప్పుడు ఏమనుకున్నారు, మతం మారినప్పుడు ఇంట్లో ఏం మారింది?

ఒక్క జాగ్రత్త. అనుమతి అడగకుండా ఎవరి మాటా రాయవద్దు, పేర్లు బయటపెట్టవద్దు. పూనకాన్ని మహిమ అని గాని, జబ్బు అని గాని ముందే తీర్పు చెప్పవద్దు. అయితే మనిషి బాధపడుతుంటే నోటుబుక్కు పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడమే మొదటి పని.

ఇన్నాళ్లూ మన గురించి ఇతరులు ప్రశ్నలు రాశారు, మనం జవాబులు చెప్పాం. ఇకముందు ప్రశ్నలు రాసేవారు మన హాస్టల్ నుంచి రావాలని కోరుకుంటున్నాం. వచ్చే వార్షిక సంచికలో మీ నోటుబుక్కులోని మాటలు చదవాలని ఎదురుచూస్తుంటాం.