దేవుడు మన మీద అలుగునా?

పాఠ్యభాగములు: విలాపవాక్యములు 3:1–33, లూకా 13:1–5, రోమా 8:31–39



మన పల్లెనుండి బ్రదుకుతెరువు కొరకు హైదరాబాదునకు వెళ్లిన కుటుంబములు కొన్ని బహదూర్‌పురాలో కాపురమున్నవి. అప్పుడప్పుడు నేను వారి యిండ్లకు వెళ్లి ప్రార్థన చేసి వచ్చుట వాడుక. 2020వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీన కురిసిన గొప్ప వానకు పాతబస్తీలో పల్లపు వీధులనేకము మునిగెను. నీరు తీసిన పిమ్మట నేను అచ్చటికి వెళ్లితిని. మన సంఘపు బిడ్డయైన ఒక తల్లి వాకిట కూర్చుండి, బురద పట్టిన బియ్యమును చాటతో ఎత్తి పారబోయుచుండెను. ఆమె కుట్టుమిషను నీట నాని తుప్పు పట్టెను. ఆమె భర్తకు ఆ యేడు నెలల తరబడి పని లేదు. ఎదురింటి ముస్లిము కుటుంబము వారే రెండు దినములు తమ మేడమీద చోటిచ్చి అన్నము పెట్టిరట. నన్ను చూచి ఆమె లేచి వందనములు చెప్పి, అడిగిన మొదటి మాట యిది: "అయ్యగారూ, దేవుడు మా మీద అలిగిండా?"

నేను ప్రార్థన చేసితిని గాని ఆ మాటకు సరియైన ప్రత్యుత్తరము చెప్పలేకపోతిని. దేవుడు మార్పులేనివాడని సెమినరీలో నేర్చుకొంటిని, పరీక్షలో వ్రాసితిని, మంచి మార్కులును వచ్చినవి. అయితే ఆ బురద బియ్యము నెదుట ఆ మాట నా నోట రాలేదు. బస్సులో తిరిగి వచ్చుచు సిగ్గుపడితిని. అది మొదలుకొని ఆ తల్లి ప్రశ్నను లేఖనముల యొద్దకు తీసికొని పోవుచున్నాను. నాకు దొరికిన దానిని ఈ నెల పాఠముగా మీ ముందుంచుచున్నాను.

1. మన అలకను దేవునికి అంటగట్టకూడదు

అలక యనగా నేమో మనకు బాగుగా తెలియును. పెండ్లిలో తనకు ముందుగా బట్టలు పెట్టలేదని మేనమామ అలుగును. పండుగకు పిలుపు ఆలస్యమాయెనని అల్లుడు అలుగును. అలిగినవాడు ముఖము త్రిప్పుకొనును; మనము బ్రతిమాలువరకు తన ప్రేమను దాచిపెట్టును. దేవుడును ఇట్టివాడేయని మనలో అనేకులు లోలోపల తలంచుచున్నారు. రెండు ఆదివారములు ఆరాధన తప్పితిమి, కానుక తగ్గించితిమి, అందుకే బిడ్డకు జ్వరము వచ్చెనని భయపడుదురు. అటుపిమ్మట ఆయనను బుజ్జగించుటకు మ్రొక్కుబడులు లెక్కపెట్టుదురు.

దేవుడు పాపమును చూచి కోపించును; ఈ సంగతిని దాచరాదు. అయితే కోపము వేరు, అలక వేరు. అలిగినవాడు మనలను విడిచి తొలగిపోవును. కోపించిన తండ్రి తప్పిపోయిన వానిని వెదకుకొనుచు వచ్చును. నరులను బాధపెట్టుట ఆయన హృదయమునకు ఇష్టమైన పని కాదని విలాపవాక్యములు 3:33 బోధించుచున్నది. మలాకీ 3:6 చూడుడి. యాకోబు సంతతి నశింపక మిగిలియుండుటకు కారణము వారి మంచితనమని ప్రవక్త చెప్పలేదు. దేవుడు మారనివాడగుటయే కారణమని చెప్పెను. మనము నిలిచియుండుట ఆయన మార్పులేనితనము వలననే.

2. కష్టమును చూచి తీర్పు తీర్చకూడదు

హైదరాబాదు పెద్దలు మూసీ వరదను ఇంకను మరువలేదు. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28న ఆ నది పొంగి నగరములో వేలాది మందిని, వేలాది యిండ్లను తుడిచిపెట్టెను. అఫ్జల్‌గంజ్ దగ్గర, నేడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములో నున్న ఒక చింతచెట్టునెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. అదే వరదలో అమ్జద్ హైదరాబాదీ అను ఉర్దూ కవి తన తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొని ఒంటరిగా మిగిలెను.

ఇప్పుడు ఆలోచించుడి. చెట్టుకొమ్మ దొరికినవారిని దేవుడు ప్రేమించెననియు, దొరకనివారిని ద్వేషించెననియు చెప్పుదుమా? అట్టి లెక్క మన ప్రభువు ఒప్పుకొనలేదు. సిలోయములో గోపురము కూలి 18 మంది చచ్చినప్పుడు, వారు యెరూషలేములో మిగిలినవారికంటె ఎక్కువ పాపులు కారని ఆయన స్పష్టముగా చెప్పెను. ప్రతివాడును తన మట్టుకు తాను మారుమనస్సు పొందవలెనని హెచ్చరించెను. కాబట్టి దుఃఖములో నున్న యింటికి వెళ్లినప్పుడు, "మీరేదో చేసియుందురు" అను మాట మన నోట రాకూడదు. యోబు స్నేహితులు ఏడు దినములు నోరు మూసుకొని కూర్చుండుటయే వారు చేసిన మంచి పని. నోరు తెరచిన తరువాత తప్పిపోయిరి.

3. ఏడ్చుచునే నమ్మవచ్చును

విలాపవాక్యముల గ్రంథము బబులోనువారు యెరూషలేమును కాల్చి కూల్చిన తరువాతి దుఃఖము. మూడవ అధ్యాయములో 66 వచనములున్నవి. హెబ్రీ భాషలోని 22 అక్షరములలో ఒక్కొక్క దానికి మూడేసి వచనములు వరుసగా వచ్చును. మొదటి అక్షరమునుండి చివరి అక్షరము వరకు తన దుఃఖమంతటిని అతడు దేవుని యెదుట కుమ్మరించెనన్నమాట. 18వ వచనము వరకు చేదుమాటలే. 21వ వచనమున అతడు ఒక సంగతిని జ్ఞాపకము చేసికొనెను. దేవుని వాత్సల్యము తరిగిపోవునది కాదు, అది ప్రతి ఉదయము క్రొత్తగా పుట్టుచున్నది. పట్టణము తిరిగి కట్టబడకమునుపే, ఆకలి తీరకమునుపే అతడు దీనిని ఒప్పుకొనెను.

మరియొకటి గమనింపుడి. ఆ గ్రంథము సంతోషముతో ముగియలేదు. చివరి వచనము ఇంకను ప్రశ్నవలెనే యున్నది. కాబట్టి ప్రశ్న యున్నంత మాత్రమున విశ్వాసము లేదని యెంచకుడి. ఆ తల్లి తన ప్రశ్నను పొరుగమ్మల యొద్ద సణుగుటకు బదులు కాపరి యొద్దకు తెచ్చెను. కాపరి దానిని ప్రభువు యొద్దకు తీసికొని పోవలసియున్నది. అదియును విశ్వాసమే.

4. ప్రేమకు కొలబద్ద సిలువయే

బహదూర్‌పురాలో జంతుప్రదర్శనశాలను ఆనుకొని మీర్ ఆలం చెరువున్నది. పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభములో కట్టిన దాని రాతికట్టలో 21 అర్ధచంద్రాకారపు కమానులు వరుసగా నిలిచియున్నవి. ఆ కమానుల ఉబ్బు నీటివైపునకుండును. నీరు నెట్టినకొలది రాయి రాతికి గట్టిగా ఆనుకొనును. ఆ బరువు కమానుల నడుమ నున్న స్తంభముల మీదికి దిగును. చెరువు మట్టము ఎండలకు తగ్గును, వానలకు పెరుగును. మట్టమును చూచి కట్ట పునాది లోతును ఎవరును కొలువరు.

మనమైతే దేవుని ప్రేమను అట్లే కొలుచుచున్నాము. పని దొరికిన వారము ఎక్కువగాను, దొరకని వారము తక్కువగాను ప్రేమించుచున్నాడని తలంచుచున్నాము. పౌలు వేరొక కొలబద్దను చూపెను. తన స్వకుమారుని మన కొరకు అప్పగించిన దేవుడు తరువాత మనయెడల చేయి ముడుచుకొనునా అని రోమా 8:32లో అడుగుచున్నాడు. అటుపిమ్మట వ్రాసిన పట్టికలో కరవు, వస్త్రహీనత, ఖడ్గము అనునవి యున్నవి. విశ్వాసులకు ఇవి రావని అతడు చెప్పలేదు. వచ్చినను క్రీస్తు ప్రేమనుండి మనలను ఊడదీయలేవని చెప్పెను. రాయి రాతిని ఆనుకొనునట్లు, ఒత్తిడి కలిగినప్పుడు మనము ఆయనను ఆనుకొనవలెను. కట్టలైతే మనుష్యుల చేతిపని గనుక ఒకనాడు తెగవచ్చును. కల్వరిలో జరిగినది మరల తెగిపోవునది కాదు.

5. దినదినము అభ్యసింపవలసినది

నమ్మకము ఒక్కనాడు నిలువ చేసికొనునది కాదు. అరణ్యములో మన్నాను ఏ దినమునకు ఆ దినమే కూర్చుకొనిరి; మరునాటికి దాచినది పురుగుపట్టెను. పొద్దున లేవగానే, పొయ్యి వెలిగింపకమునుపే, సిలువను ఒక్క నిమిషము తలచుకొనుడి. బిడ్డకు జ్వరము వచ్చినయెడల ప్రార్థించి వైద్యుని యొద్దకు తీసికొని వెళ్లుడి. తాయెత్తు వైపు చూడకుడి. రాత్రి పండుకొనునప్పుడు ఆ దినపు చింతను పేరు పెట్టి ప్రభువునకు చెప్పుడి. మీకంటె కష్టములో నున్న యింటికి ఒక గిన్నె కూర పంపుడి, అది ఏ మతమువారి యిల్లైనను సరే. ఆ వరదలో మన బిడ్డలకు అన్నము పెట్టినది అట్టి చెయ్యియే.

కొన్ని నెలలకు నేను మరల ఆ యింటికి వెళ్లితిని. మిషను ఇంకను బాగుపడలేదు. ఆమె చేతితోనే కుట్టుచుండెను. "అమ్మా, దేవుడు అలుగలేదు. ఆ దినమే నేను చెప్పవలసియుండెను" అంటిని. ఆమె సూది ఆపి, "నాకు ఎరికైంది అయ్యగారూ. అలిగినోడైతే పొద్దుగాల్ల నన్నెందుకు లేపుతడు?" అనెను. ఆమె విలాపవాక్యములు చదివినదో లేదో నేను అడుగలేదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. గడచిన నెలలో దేవుడు నాకు దూరమాయెనని నేను తలంచినది ఎప్పుడు? ఏ కొలబద్దతో కొలిచితిని?

2. కష్టములో నున్న వారిని గూర్చి నేను తీర్పుగా పలికిన మాట యేదైన కలదా? దానిని ఎట్లు సరిచేసికొందును?

3. నా వీధిలో నేడు ఎవరి యింట పొయ్యి వెలుగలేదు?

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, మా మనస్సు గడియగడియకు మారుచున్నను నీవు మారనివాడవు. మా కన్నీటిని బట్టి నీ ప్రేమను కొలువక, నీ కుమారుని గాయములను బట్టి కొలుచుటకు మాకు నేర్పుము. మునిగిన యిండ్లను, పని లేని చేతులను జ్ఞాపకము చేసికొనుము. మమ్మును వారికి సహాయముగా పంపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.