ఒంటిగంటన్నర బొమ్మ

అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో పెట్టిన ఆ ఎర్రమచ్చల మ్యాపు నాకూ వచ్చింది చెల్లీ. నువ్వు పంపేలోపే ఇంకెవరెవరో పంపేశారు. "ఊరు ఖాళీ చేసి పోదామా అక్కా, పిల్లాడికి అసలే ఆయాసం" అని అడిగావు చూడు, అందుకే ఇవాళ్టి ముచ్చట దానిమీదే పెట్టుకున్నా. మూటాముల్లే సర్దడం తర్వాత, ముందు ఆ బొమ్మ ఎలా తయారవుతుందో విను.

అది నైట్రోజన్ డయాక్సైడ్ బొమ్మ. ఇంటర్‌లో కెమిస్ట్రీ ల్యాబ్ గుర్తుందా? రాగి ముక్కమీద నైట్రిక్ యాసిడ్ పడగానే టెస్ట్‌ట్యూబులోంచి ఎర్రగా, గోధుమరంగులో పొగ లేచేది. "దూరం జరగండే" అని మేడం కేకలేసేది. అదే ఇది. బండి ఇంజన్‌లోనో, థర్మల్ కేంద్రం బాయిలర్‌లోనో మంట బాగా వేడెక్కితే గాలిలో ఉన్న నైట్రోజనూ ఆక్సిజనూ కలిసి చివరికి ఇదవుతుంది. పెట్రోలు ఎంత మంచిదైనా సరే, మంటకి అంత వేడి ఉంటే చాలు. మెరుపులవల్ల కూడా కొంత పుడుతుందిలే, కానీ ఊళ్లమీద కనిపించేది దాదాపు అంతా మన పుణ్యమే.

ఆ పొగకి ఆ రంగెందుకంటే, అది నీలికాంతిని మింగేస్తుంది. ఉపగ్రహం పట్టుకునేది సరిగ్గా ఆ గుణాన్నే. 2017 అక్టోబర్‌లో యూరప్ వాళ్లు సెంటినెల్-5పి అని ఒకటి పంపారు. అందులో ట్రోపోమి అనే పరికరం ఉంది, దాని వెనక నెదర్లాండ్స్ వాళ్ల కష్టం చాలా ఉంది. 824 కిలోమీటర్ల ఎత్తునుంచి అది సూర్యుణ్ణి నేరుగా ఒకసారి చూసుకుంటుంది, నేలమీద పడి మళ్లీ పైకొచ్చిన వెలుగునీ చూస్తుంది. 405 నుంచి 465 నానోమీటర్ల దాకా ఉన్న నీలిపట్టీలో ఎక్కడెంత వెలుగు తగ్గిందో పోల్చుకుంటుంది. ఒక్కో వాయువు ఒక్కో తీరుగా మింగుతుంది కాబట్టి ఇది ఫలానా అని తేల్చేయొచ్చు. పైన స్ట్రాటోస్ఫియర్‌లో ఉండే వాటా తీసేయగా మిగిలింది మన వాటా.

మెలికంతా ఇక్కడే ఉంది. ఉపగ్రహం చెప్పేది నేలనుంచి పైదాకా నిలువునా మొత్తం ఎంత ఉందనే. ఏడంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మొత్తం ఎంతమంది ఉన్నారో చెప్తే, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఎంతమందో నీకు తెలుస్తుందా? మన ముక్కులుండేదేమో గ్రౌండ్ ఫ్లోర్‌లోనే. మన హైదరాబాద్‌లో సనత్‌నగర్ లాంటి చోట్ల నేలమీద పెట్టిన మిషన్లు కొలిచేది ఆ కింది గాలిని. మన దేశంలో రోజు సగటుకి పెట్టిన హద్దు ఘనపు మీటరుకి 80 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 25. ఆ లెక్క వేరు, మ్యాపులో రంగుల లెక్క వేరు. రెంటినీ కలిపేసి జనాన్ని బెదరగొట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పైగా ఆ బొమ్మలో ఒక్కో గడీ ఐదున్నర కిలోమీటర్లకి మూడున్నర. అమీర్‌పేట, పంజాగుట్ట, ఖైరతాబాద్ ఒక్క గడిలో పట్టేయొచ్చు. సిగ్నల్ దగ్గర ఆగిన బస్సు వెనకాలా అదే రంగు, లోపలి సందులో ఎవరి పెరట్లోనో వేపచెట్టు కిందా అదే రంగు. అలాగని చిన్నచూపు చూడకు. 1995లో ఎగిరిన గోమ్ అనే పరికరానికి గడి పొడవే 320 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్‌లో మొదలై విజయవాడ దాటిపోయేది!

ఇంకోటి, అది మనమీదకి వచ్చేది మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో. అప్పటికి ఎండకి ఈ వాయువు విడిపోతూ ఉంటుంది, గాలి కూడా పైపైకి బాగా కలిసిపోతుంది. పొద్దున తొమ్మిదింటి స్కూలు బస్సుల రద్దీ, రాత్రి ఎనిమిదింటి ఆఫీసుల రద్దీ దాని కంట పడవు. కొరియా వాళ్లు 2020లో పైకి పంపిన జెమ్స్ ఆసియామీదే నిలబడి పగలంతా గంటగంటకీ చూస్తుంది. రాత్రి మాత్రం అదీ చూడలేదు, వెలుగుండాలి కదా. మన వానాకాలంలో మబ్బులు అడ్డం. అందుకే ఒక్కరోజు బొమ్మని నమ్మకు, నెల సగటో ఏడాది సగటో అడుగు.

సగటు తీస్తే మాత్రం ఎంత ముచ్చటైన సంగతులు బయటపడతాయో! జర్మనీలో స్టెఫెన్ బైర్లే అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు ఆ పాత గోమ్ లెక్కల్నే వారం రోజులుగా విడదీసి 2003లో ప్రచురించారు. యూరప్, అమెరికా ఊళ్లమీద ఆదివారం ఈ వాయువు పాతికనుంచి యాభై శాతం దాకా తక్కువ. జెరూసలేం, మక్కా వైపు తగ్గే రోజు మారిపోయింది, ఎవరి సెలవు వాళ్లదే కదా. చైనాలో ఏ రోజూ తేడా లేదు. ఎవరు ఏ రోజు పని మానుకుంటారో ఆకాశంలోంచి తెలిసిపోయిందంటే చూడు! మరుసటి ఏడాది వాళ్లే శ్రీలంక కిందనుంచి ఇండోనేషియా దాకా సముద్రంమీద సన్నటి గీత పట్టుకున్నారు, ఓడలు వెళ్లే దారి అది. 2020 లాక్‌డౌన్‌లో ఢిల్లీ, ముంబైలమీద అంతకుముందు ఏడాదితో పోలిస్తే నలభై, యాభై శాతం పడిపోయిందనీ సెంటినెల్ కళ్లతోనే చూశారు. పుట్టిన కొన్ని గంటల్లోనే ఈ వాయువు కరిగిపోతుంది కాబట్టి, బండ్లు ఆగితే వెంటనే మ్యాపు తేలికపడుతుంది.

ఇంతకీ నీ భయం ఉత్తదే అనడం లేదమ్మా. ఈ వాయువువల్ల ఏటా ప్రపంచంలో 40 లక్షలమంది పిల్లలకి కొత్తగా ఆస్తమా వస్తోందని, అందులో మూడున్నర లక్షలమంది మన దేశంవాళ్లని 2019లో ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. అందుకే చెప్తున్నా, మ్యాపు కాదు, మీ వాడి దారి చూడు. మెయిన్‌రోడ్డుకి ఒకటి రెండొందల మీటర్లు లోపలికి వెళ్తే ఇది బాగా తగ్గుతుంది, వాణ్ణి స్కూలుకి వెనక సందులోంచి నడిపించు. వంటింట్లో గ్యాస్ మంటకీ ఇదే పుడుతుంది, ఇంటికప్పు కింద ఏం జరుగుతోందో ఏ ఉపగ్రహమూ చెప్పదు. స్టవ్ వెలిగించగానే ఎగ్జాస్ట్ ఫ్యాను వెయ్యి, చప్పుడని ఆపెయ్యకు.

ఇల్లు మారడం సంగతంటావా, మరిదిగారు హైవేకి ఆనుకుని కొత్త ఫ్లాటు చూశారటగా, బాల్కనీ రోడ్డువైపే అని అమ్మ చెప్పింది. అడ్వాన్సు ఇవ్వకముందే నాకోసారి ఫోన్ చెయ్యమను.