‘లాస్ట్ క్రిస్మస్’ పాటలో అసలేముంది?

మన ఛానల్‌లో ఏ కీర్తన నేర్చుకున్నా ముందు మాటల అర్థం చూస్తాం, ఆ తర్వాతే రాగంలోకి వెళ్తాం కదా. ఈసారి అదే పద్ధతిలో వేరే రకం పాట చూద్దాం. డిసెంబర్ రాగానే మాల్‌లో, క్యాబ్‌లో, ఆఫీస్ పార్టీలో మోగే ‘లాస్ట్ క్రిస్మస్’.

మూడేళ్లుగా నేను దీన్ని హుషారైన పండగ పాట అనుకునే హమ్ చేస్తున్నా. పోయిన డిసెంబర్‌లో మా టీమ్‌లో ఉన్న గుంటూరు అమ్మాయి నవ్వేసి, “ఇది మా చర్చిలో పాడరండీ. ఇందులో యేసు ఎక్కడున్నాడు?” అంది. ఆ రాత్రి మాటలు ముందు పెట్టుకుని విన్నాను. నిజమే! ప్రభువు పుట్టుక లేదు, పశువుల పాక లేదు, ప్రార్థన లేదు. పోయిన పండక్కి ప్రేమలో దెబ్బతిన్న ఒకడు, ఏడాది తిరిగాక అదే మనిషిని మళ్లీ చూసి, ఇంకా తేరుకోలేదని తనకి తానే ఒప్పుకుంటున్నాడు. అంతే కథ.

రాసింది జార్జ్ మైకేల్, 1984లో. అప్పటికి అతనికి 21 ఏళ్లు. ఆండ్రూ రిడ్జ్‌లీతో కలిసి ‘వామ్’ అనే జోడీగా పాడేవాడు. కానీ ఈ పాట వరకు స్టూడియోలో పని మొత్తం జార్జ్ ఒక్కడిదే. రాత, గొంతు, కీబోర్డ్, డ్రమ్ మెషీన్, ఆఖరికి ఆ చిన్న గంటలు కూడా. రికార్డ్ చేసింది లండన్‌లో, ఆగస్టు నెలలో!

ఇక సంగీతం. పాట మొత్తానికి నాలుగే కార్డ్స్: డి, బి మైనర్, ఇ మైనర్, ఎ. పల్లవికీ చరణానికీ అవే. మన భాషలో చెప్పాలంటే ఒకే ఫర్ లూప్, బ్రేక్ స్టేట్‌మెంట్ లేదు. జరిగిపోయినదాని చుట్టూనే తిరిగే మనసు కూడా అలాగే ఉంటుంది కదా. నాకైతే పాట బలమంతా అక్కడే ఉందనిపిస్తుంది. పైన గంటలు మోగుతుంటాయి, కింద బాధ కదలకుండా కూర్చుని ఉంటుంది. ఈసారి వినేటప్పుడు గంటల్ని పక్కన పెట్టి గొంతు మీదే ధ్యాస పెట్టండి.

మిగతా హిట్‌లూ దాదాపు ఇంతే. 1994లో మరియా కేరీ, వాల్టర్ అఫనాసియెఫ్ కలిసి రాసిన పాటలో కోరిక కానుకల మీద కాదు, మనిషి మీద. 1971లో జాన్ లెనన్, యోకో ఓనో చేసిన పాట వియత్నాం యుద్ధం వద్దని. వీటిలో పండగ అనేది తేదీ మాత్రమే. భక్తి కావాలంటే వేరే చోట ఉంది. ఆ అమ్మాయి ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం చూపించింది. పాట పైన రాగం, తాళం రాసి ఉన్నాయి, అచ్చం మన కీర్తనల పుస్తకాల్లాగే. సిగ్గేసింది, ఇన్నేళ్లూ తెలీదు.

సరే, మళ్లీ జార్జ్ దగ్గరికి వద్దాం. 1984 డిసెంబర్‌లో బ్రిటన్ చార్ట్‌లో ఈ పాట రెండో స్థానంలోనే ఆగిపోయింది. మొదటి స్థానం ఇథియోపియా కరువు కోసం చాలామంది గాయకులు కలిసి పాడిన ‘బ్యాండ్ ఎయిడ్’ పాటది. అందులో జార్జ్ కూడా పాడాడు! అంటే తన పాటకి తనే అడ్డం నిలబడ్డాడన్నమాట. పైగా ‘లాస్ట్ క్రిస్మస్’ మీద వచ్చిన రాయల్టీ కూడా వామ్ జోడీ ఆ కరువు సాయానికే ఇచ్చేసింది.

ఈ పాట అక్కడ మొదటి స్థానానికి చేరింది 2021 జనవరి 1న, అంటే 36 ఏళ్లకి. జార్జ్ అప్పటికే లేడు. 2016లో, 53 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆ రోజు డిసెంబర్ 25.