ఇంటర్నెట్టు దారి తప్పినపుడు

గోదావరి డెల్టా గ్రామములలో పంచాయతీ పనులు నేడు చాలవరకు కంప్యూటరుపై జరుగుచున్నవి. 2020 ఏప్రిల్ 24వ తేదీన ప్రారంభమైన ఈ-గ్రామ స్వరాజ్ వేదికపై పంచాయతీ ప్రణాళికలు, జమాఖర్చులు నమోదగుచున్నవి. ఆర్థిక సంఘపు నిధుల చెల్లింపులు దాని ద్వారానే సాగుచున్నవి. గ్రామ సచివాలయ వ్యవస్థ 2019 అక్టోబరు 2వ తేదీన నాటి తూర్పు గోదావరి జిల్లా కరపలోనే ప్రారంభింపబడినది. కావున ఇంటర్నెట్టు ఒక పూట ఆగినచో నష్టపోవువారు గ్రామస్థులే. ఆదాయ ధ్రువపత్రము కొరకు పని మానుకొని వచ్చిన కూలీ ఆనాటి కూలిని కోల్పోవును. పారిశుధ్య పనివారి చెల్లింపు మరునాటికి వాయిదా పడును.

2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామమున రాష్ట్ర ఫైబర్ నెట్ పథకము ప్రారంభమైనది. ఈ పథకము క్రింద కాంతి తీగలు చాలవరకు విద్యుత్ స్తంభములపైననే లాగబడినవి. గాలివానకు కొబ్బరిమట్ట పడి తీగ తెగినచో ఎవరికైనను తెలియును. కాని తీగ చక్కగా నుండి, పెట్టెపై దీపములు వెలుగుచున్నను పని జరుగని సందర్భములు కలవు. అట్టివానిలో ముఖ్యమైనది ‘డిఫాల్ట్ రూటు’ లోపము. సిస్కో సంస్థ నిర్వహించు సీసీఎన్ఏ పరీక్షకు చదువు యువకులు ఈ లోపమును కనుగొనుట తప్పక నేర్వవలెను. ఆ పాఠమును పంచాయతీ సభ్యులకును ఉపయోగపడు రీతిని ఇచట వివరించుచున్నాము.

డిఫాల్ట్ రూటు అనగా నేమి?

గ్రామములోని శాఖా తపాలా కార్యాలయమును తలచుకొనుడు. ఊరిలోని వారికి వచ్చిన ఉత్తరమును అచటివారు తామే బట్వాడా చేయుదురు. కాకినాడకైనను, కాశ్మీరునకైనను పోవలసిన ఉత్తరములను మాత్రము ఒకే సంచిలో కట్టి పై కార్యాలయమునకు పంపుదురు. దేశములోని దారులన్నియు శాఖా కార్యాలయము ఎరుగవలసిన పని లేదు; పై కార్యాలయము ఏదో తెలిసిన చాలును.

రూటరు చేయు పనియు ఇట్టిదే. మనము పంపు సమాచారము చిన్న చిన్న పొట్లములుగా పోవును. ప్రతి పొట్లముపైనను చేరవలసిన చోటి సంఖ్య యుండును. రూటరు తన దారుల పట్టికను చూచి, ఆ సంఖ్యకు మిక్కిలి సరిగా సరిపోవు దారిని ఎన్నుకొనును. ఏ దారియు సరిపోనపుడు చివరి దారిగా నిలుచునదే డిఫాల్ట్ రూటు. పట్టికలో దానిని 0.0.0.0 అని వ్రాయుదురు. ఈ ఒక్క పంక్తి లేనిచో, తెలియని గమ్యమునకు పోవలసిన పొట్లమును రూటరు పారవేయును.

అభ్యాసమునకు ఒక ఉదాహరణము

ఇచట మూడు రూటర్లను ఊహింతము. వానికి మోరి, రాజోలు, రాజమహేంద్రవరము అని అభ్యాసము కొరకు పేర్లు పెట్టుదము. మోరి కార్యాలయపు కంప్యూటర్లు 192.168.10.0 అను సమూహములోనివి. వానికి వాకిలి, అనగా గేట్‌వే, 192.168.10.1. మోరి రూటరు నుండి రాజోలు వైపు పోవు తీగకు ఈ కొన 10.1.1.1, ఆ కొన 10.1.1.2. అప్పుడు మోరి రూటరులో వ్రాయవలసిన ఆజ్ఞ: ఐపీ రూట్ 0.0.0.0 0.0.0.0 10.1.1.2.

పరీక్షలోను, కార్యాలయములోను సాధారణముగా ఎదురగు లోపములు ఐదు.

1. డిఫాల్ట్ రూటు అసలు లేకుండుట. ‘షో ఐపీ రూట్’ అను ఆజ్ఞ నీయగా, చివరి వాకిలి ఏర్పాటు కాలేదను వాక్యము పైననే కనబడును. దారి యున్నచో ‘ఎస్’ అక్షరము ప్రక్కన నక్షత్రపు గుర్తుతో 0.0.0.0 పంక్తి యుండును.

2. తరువాతి మజిలీ సంఖ్య తప్పుగా నుండుట. ఆ సంఖ్యను చేరు దారియే రూటరునకు తెలియనిచో, మనము వ్రాసిన ఆజ్ఞ దాఖలాలో కనబడును గాని దారుల పట్టికలోనికి ఎక్కదు. అభ్యర్థులు వ్రాసిన ఆజ్ఞను మాత్రమే చూచి తృప్తిపడరాదు, పట్టికను చూడవలెను.

3. ఇద్దరు ఒకరికొకరు దారి చూపుకొనుట. మోరి తన డిఫాల్ట్ రూటును రాజోలునకు చూపినది. రాజోలు పొరపాటున మోరికే చూపినదనుకొనుడు. పొట్లము ఇటునటు తిరుగుచు ముందునకు పోదు. ప్రతి రూటరును పొట్లముపై గల ఆయుస్సంఖ్యను ఒక్కొక్కటిగా తగ్గించును; సున్న కాగానే దానిని పారవేయును. ‘ట్రేస్‌రూట్’ ఆజ్ఞలో అవే రెండు సంఖ్యలు మరల మరల వచ్చినచో ఈ లోపమేయని గ్రహింపవలెను.

4. తిరుగు దారి లేకుండుట. ఇది అనేకులు మరచు విషయము. మోరి నుండి ఉత్తరము పోయినను, జవాబును 192.168.10.0 సమూహమునకు చేర్చు దారి రాజోలు, రాజమహేంద్రవరము రూటర్లకు తెలియనిచో అది తిరిగి రాదు. రూటరు నుండి చేసిన పరీక్ష నెగ్గి, కంప్యూటరు నుండి చేసినది విఫలమైనచో, మొదట కంప్యూటరులోని గేట్‌వే సంఖ్యను, పిదప ఈ తిరుగు దారిని చూడవలెను.

5. ఒక ఆజ్ఞ బదులు మరియొక ఆజ్ఞ నిచ్చుట. ‘ఐపీ డిఫాల్ట్-గేట్‌వే’ అను ఆజ్ఞ, దారులు ఎన్నుకొనని స్విచ్చుల కొరకు ఏర్పడినది. దారులు ఎన్నుకొను రూటరుపై దానిని వ్రాసిన ప్రయోజనము లేదు.

పరీక్షించు క్రమము

లోపము ఏదైనను, దగ్గరి నుండి దూరమునకు పోవుచు వెదకవలెను. మొదట కంప్యూటరునకు సంఖ్య లభించినదో లేదో చూడుడు, అది 169.254తో ఆరంభమైనచో సరియైన సంఖ్య అందలేదని తెలియవలెను. పిదప ‘పింగ్’ ఆజ్ఞతో గేట్‌వేను పలుకరింపుడు. అది పలికిన తరువాత రాజోలు కొనను, అటుపిమ్మట 8.8.8.8 వంటి బయటి సంఖ్యను పలుకరింపుడు. బయటి సంఖ్య పలికినను పేరుతో పుట తెరువబడనిచో లోపము దారిలో లేదు; పేరును సంఖ్యగా మార్చు డీఎన్ఎస్ ఏర్పాటులో నుండవచ్చును. కొన్ని రూటర్లు జవాబు నీయకుండునట్లు ఏర్పరుపబడి యుండును. కావున ఒక్క మౌనమును బట్టి నిర్ణయమునకు రాక, చివర పలికిన చోటును గుర్తించి దాని తరువాతి మజిలీపై దృష్టి నిలుపవలెను.

పంచాయతీ చేయదగిన పని

సభ్యులు ఈ ఆజ్ఞలను కంఠస్థము చేయవలసిన అవసరము లేదు. రూటరులోని ఏర్పాట్లను మార్చు అధికారము సేవ నందించు సంస్థదే గాని కార్యాలయమునకు వచ్చువారిది కాదు. కాని ఈ క్రింది పనులు ప్రతి పంచాయతీకిని సాధ్యములే.

పెట్టె ప్రక్కన ఒక అట్టపై గేట్‌వే సంఖ్యను, ఫిర్యాదు చేయవలసిన ఫోను నంబరును వ్రాసి యుంచవలెను. ఫిర్యాదుల పుస్తకములో ఆగిన తేదీ, వేళ, దీపముల స్థితి, చివర పలికిన సంఖ్య నమోదు చేయవలెను. ‘నెట్టు లేదు’ అని మాత్రము చెప్పినచో ఏమి తెచ్చుకొనవలెనో మరమ్మతు మనిషికి తెలియదు. ‘గేట్‌వే పలుకుచున్నది, తరువాతి మజిలీ పలుకుటలేదు’ అని చెప్పినచో ఎచట వెదకవలెనో అతనికి తెలియును. అంతవరకు వేచియున్నవారి దరఖాస్తులను స్వీకరించి, వారు మరల ఎప్పుడు రావలెనో తెలుపవలెను. తీగలపైకి వంగిన కొబ్బరిమట్టల విషయము విద్యుత్ సిబ్బందికి తెలుపవలెనే గాని ఎవరును స్తంభమెక్కరాదు.

సీసీఎన్ఏ పరీక్షా విషయములలో నాలుగవ వంతు ఇట్టి దారుల శాస్త్రమునకు చెందినదే. విలువైన రూటర్లు కొననక్కరలేకయే, సిస్కో సంస్థ ఉచితముగా నిచ్చు ప్యాకెట్ ట్రేసర్ అను సాధనముతో యువకులు పై ఉదాహరణమును నిర్మించి, ఐదు లోపములను తామే కల్పించి, తామే సవరించుకొనవచ్చును. గ్రామ గ్రంథాలయములో సాయంకాలము ఒక కంప్యూటరును ఇట్టి విద్యార్థులకు కేటాయించుటకు పంచాయతీ తీర్మానింపవచ్చును. ఆ పిల్లలు పరీక్షలో నెగ్గి ఉద్యోగములు పొందుదురు. అంతవరకు కార్యాలయములో లోపము ఎచట నున్నదో చెప్పగలవారు ఊరిలోనే యుందురు. సభ్యులు రాబోవు సమావేశములో ఈ విషయమును చర్చించి, తమ గ్రామమునకు తగిన ఏర్పాటు గావింతురని ఆశించుచున్నాము.