బుజ్జికి, బ్రేకుల సంగతి

అనకాపల్లి



సైకిళ్ల మీద లంబసింగి వెళ్లొచ్చామనీ, మంచులో ఫొటోలు బాగా పడ్డాయనీ రాశావు. దిగేటప్పుడు ముందు బ్రేకు లీవరు హ్యాండిల్ దాకా వచ్చేసిందనీ, మలుపులో కాఫీ మొక్కల్లోకి పోయి పడ్డావనీ మాత్రం రాయలేదు. నీతో వచ్చిన అబ్బాయి వాళ్లమ్మ మీ అమ్మతో చెబితే, మీ అమ్మ నాకు ఫోన్ చేసింది. మోచెయ్యి ఎలా ఉంది నాన్నా? టీటీ ఇంజక్షన్ చేయించుకున్నావా?

కొండెక్కొద్దని నేను అనను. నువ్వు పడితే ఆ అబ్బాయి తన సైకిల్ పక్కన పడేసి పరిగెత్తుకొచ్చాడట. అలాంటి జోడీ ఉన్నంతకాలం అడవిబాట పట్టండి, నాకు సంతోషమే. నా బెంగంతా బ్రేకుల మీదే.

గవరపాలెంలో నా సైకిల్ షాపుకొచ్చిన కుర్రాళ్లు గేర్లెన్ని, టైరెంత లావు అనే అడిగేవాళ్లు. ఆపేదాని గురించి అడిగినవాడు అరుదు. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తు. అక్కణ్ణుంచి కిందికి దిగుతుంటే ఆ ఎత్తంతా ఎక్కడికి పోతుంది? చాలావరకు వేడై నీ బ్రేకుల్లోకే పోతుంది. భయంతో లీవరు సగం నొక్కి అలాగే పట్టుకున్నావనుకో, డిస్కుకి చల్లారే సందుండదు. లోపల ఆయిల్ మరిగి బుడగలు కడుతుంది. అప్పుడు నువ్వెంత నొక్కినా ఆ బుడగలే నలుగుతాయి, ప్యాడు డిస్కుని పట్టదు. నీకు జరిగింది అదే అయ్యుంటుంది. మలుపుకి ముందే రెండు బ్రేకులూ గట్టిగా వేసి వేగం తగ్గించు, మలుపులో వదిలెయ్. గులకరాళ్ల మీదా తడి ఆకుల మీదా, సైకిల్ వాలి ఉన్నప్పుడు ముందు బ్రేకు బిగపట్టకు. మధ్యమధ్య ఆగి నీళ్లు తాగండి. డిస్కు మీద మాత్రం చెయ్యి వెయ్యకు, చర్మం ఊడొస్తుంది.

1976లో కాలిఫోర్నియాలో, మారిన్ కౌంటీ అనే చోట, కొందరు కుర్రాళ్లు పాత లావుటైర్ల సైకిళ్ల మీద మట్టికొండ దిగే పందెం పెట్టుకున్నారు. ఇప్పుడు మీరు తొక్కే మౌంటెన్ బైకులు అక్కణ్ణుంచి వచ్చినవే. వాళ్లవి పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులు. కిందికి చేరేసరికి హబ్బులో గ్రీజు కాలి పొగలొచ్చేదట. విప్పి మళ్లీ గ్రీజు కూరితే గానీ ఇంకోసారి దిగడానికి లేదు. అందుకే ఆ పందేనికి ‘రీప్యాక్’ అని పేరు. బతుకంతా హబ్బుల్లో గ్రీజు కూరినవాణ్ణి కదా, అది చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు. మీ ఆట పుట్టిందే బ్రేకుల కష్టంలో!

మా రోజుల్లో నేనూ, నీకు తెలిసిన రైల్వే తాతయ్యా సైకిళ్లు బస్సు టాపు మీద కట్టించుకుని లంబసింగి పోయాం. మావి కడ్డీ బ్రేకులు. కాస్త దిగామో లేదో రబ్బరు కమురు వాసన. రిమ్ము మీద నీళ్లు చిలకరిస్తే చుయ్‌మంది. ఆయన మాట్లాడకుండా పొదలోకి పోయి ఆకులతో సహా రెండు కొమ్మలు విరుచుకొచ్చాడు. క్యారియర్లకి తాళ్లతో కట్టి, నేలమీద ఈడ్చుకుంటూ డౌనూరు దాకా దిగాం. దుమ్ముకొట్టుకుపోయిన మా ముఖాలు చూసి అక్కడి పిల్లలు ఒకటే నవ్వు. ఇప్పుడాయన మోకాళ్లు లేవనివ్వడం లేదు. అయినా నువ్వు పడ్డావని తెలిసి ‘కొమ్మ కట్టలేదా వాడు?’ అని అడిగాడు. ఒక్కసారి ఆయనకి ఫోన్ చెయ్యి.

ఇంకొక్క మాట, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఆ బాటలు మీ కోసం వేసినవి కావు. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయించడానికి గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ మన్యంవాళ్లని పట్టుకొచ్చి చాకిరీ చేయించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడడం వెనక ఆ కడుపుమంట కూడా ఉంది. రోడ్డు వదిలి మీరు దూరే కాలిబాటల్లో ఇప్పటికీ మన్యంవాళ్లే నడుస్తారు, సంతకి కావిళ్లు మోసుకుంటూ. దారిలేని ఊళ్ల నుంచి నిండు గర్భిణిని డోలీలో మోసుకురావడం ఈనాటికీ ఉంది. నువ్వు పడ్డ ఆ మలుపులో డోలీ ఎదురొచ్చి ఉంటే? నీ మోచెయ్యి మానుతుంది. ఆ డోలీ భుజాల మీంచి జారితే ఏం చేస్తాం నాన్నా? మనిషి ఎదురైతే సైకిల్ దిగి పక్కకి జరిగి నిలబడు. బెల్లు కొట్టి తప్పుకోమనకు.

కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతరకి వస్తారుగా, ఇద్దరూ సైకిళ్లు తెచ్చుకోండి. చక్రం ఊడదీసి కార్లో పెడితే ప్యాడ్ల మధ్య అట్టముక్క దోపు. చక్రం లేనప్పుడు ఎవరైనా లీవరు నొక్కితే ప్యాడ్లు దగ్గరపడి కూర్చుంటాయి, మళ్లీ డిస్కు దూరదు. చైనుకి నూనె వేసిన గుడ్డతో డిస్కు తుడవకు. కొత్త ప్యాడ్లు కొనేటప్పుడు లోహం కలిసినవి అడుగు, అవి కాస్త కీచుమన్నా వేడికి తట్టుకుంటాయి. పాతవి పారేయకు, ఎలా అరిగాయో నేను చూడాలి. మాడుగుల హల్వా తెప్పించి ఉంచుతాను. ఆ అబ్బాయికి ఇంకేమిష్టమో కనుక్కుని రాయి, మీ అమ్మమ్మ అడుగుతోంది.

ఉంటాను,
తాతయ్య