యుద్ధం పేరు చెప్పి

శృంగవరపుకోట

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. ఉద్యోగంలో చేరీ చేరగానే చిక్కు ఫైలే వచ్చింది నీ టేబుల్ మీదికి. ప్రభుత్వ భూమి కొనుక్కున్న కంపెనీ ఒకటి, గడువులోగా ఫ్యాక్టరీ కడతామని సంతకం పెట్టి, తీరా ఇప్పుడు యుద్ధం వల్ల యంత్రాలు రాలేదని అర్జీ పెట్టుకుందన్నావు. "యుద్ధం వాళ్లు తెచ్చింది కాదు కదా తాతయ్యా, ఏమని నోట్ పెట్టను?" అని అడిగావు.

జాలిపడ్డం తప్పు కాదమ్మా. యుద్ధం నిజంగానే ఇంటిదాకా వస్తుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాన్ బాంబులు పడ్డప్పుడు జనం మూటాముల్లె సర్దుకుని లోపలి పల్లెలకు పరుగెత్తారని మా నాన్న చెప్పేవాడు. 2022లో ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలైతే ఇక్కడ మన కిరాణా కొట్లో సన్‌ఫ్లవర్ నూనె ధర మండిపోయింది. అందుకని ఆ అర్జీని ఉత్త వంక అని కొట్టిపారెయ్యకు. అలాగని యుద్ధం అన్న మాట కనబడగానే సరే అని రాసెయ్యకు.

ముందు రెండు పాత తీర్పులు చదువు. కలకత్తాలో ఢాకూరియా చెరువుల దగ్గర ఒక కంపెనీ ప్లాట్లు వేసి, రోడ్లూ కాలవలూ వేసిస్తామని 1940లో బయానా పుచ్చుకుంది. 1941లో రెండో ప్రపంచ యుద్ధ అవసరాలకని సర్కారు ఆ నేలను స్వాధీనం చేసుకుంది. దాంతో కంపెనీ కొనుగోలుదారులకు ఉత్తరం రాసింది: బయానా వెనక్కి తీసుకోండి, లేదా ఇప్పుడే బాకీ అంతా కట్టండి, రోడ్లు యుద్ధమయ్యాక చూద్దాం అని. సత్యవ్రత ఘోష్ కేసుగా అది సుప్రీంకోర్టుకెక్కింది. 1953లో కోర్టు ఒప్పందం రద్దు కాలేదని తేల్చింది. మాట ఇచ్చేనాటికే యుద్ధం నడుస్తోంది, ఇబ్బందులుంటాయని ఇద్దరికీ తెలుసు. పనికి గడువేదీ రాసుకోలేదు, స్వాధీనం ఎల్లకాలం ఉండేదీ కాదు. అది ప్రైవేటు బేరం, తప్పించుకోబోయింది అమ్మినవాడు. నీ ఫైల్లో కొన్నవాడు. అయినా తూకం ఒకటే.

రెండోది నెయ్యి కేసు. సైన్యానికి నెయ్యి సరఫరాకు 1937లో ఒప్పుకున్న అలోపీ పర్షాద్ సంస్థ, యుద్ధంతో ఖర్చులు పెరిగాయి, రేటు పెంచమంది. 1960లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. గిట్టుబాటు కాకపోవడం వేరు, అసాధ్యం కావడం వేరు అన్నది ఈ రెండిటి సారం.

ఇక నీ ఫైలు. తేదీలన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకో. భూమి కంపెనీ చేతికొచ్చింది ఎప్పుడు? యుద్ధం ఎప్పుడు? యంత్రాలకు ఆర్డరు ఎప్పుడు పెట్టారు? బ్యాంకు ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్) ఎప్పుడు తెరిచారు? ఆర్డరే లేకపోతే ఓడ ఎక్కడ ఆగినట్టు? తరవాత స్వయంగా సైటుకెళ్లు. యంత్రం విదేశం నుంచి రావాలి, నిజమే. పునాదికి కావలసిన రాయి, ఇసుక, మేస్త్రీ మన జిల్లాలోనే ఉన్నారు కదా! గేటుకి తాళం, బోర్డు మీద వెలిసిపోయిన రంగు, లోపల మనిషెత్తు సర్కారు తుమ్మ కనబడితే, ఆ తుమ్మ వయసెంతో పక్క పొలం రైతునడుగు. యుద్ధం కంటే పెద్దదైతే ఫొటో తీసి ఫైల్లో పెట్టు.

ఇంత పట్టుగా ఎందుకు చెబుతున్నానంటే, మన బొడ్డవర కథ నీకు తెలిసిందే. అల్యూమినా శుద్ధి కర్మాగారం కోసమని 2007 ప్రాంతంలో జిందాల్ సంస్థకు దాదాపు 1,166 ఎకరాలు సమకూరాయి. అందులో ఎక్కువ భాగం ప్రభుత్వ భూములూ, పేదలు ప్రభుత్వమిచ్చిన డి-పట్టాలతో సాగు చేసుకుంటున్న భూములూ. ముడిసరుకు బాక్సైట్ ఏజెన్సీ కొండల నుంచి రావాలి. అక్కడ గిరిజనులు తవ్వకాలు వద్దన్నారు. బాక్సైట్ రాలేదు, కర్మాగారం రాలేదు. 2025లో అదే నేలలో చిన్న పరిశ్రమల పార్కు పెడతామనేసరికి, ఏ పనికి ఇచ్చామో అది జరగనప్పుడు మా భూమి మాకివ్వండని రైతులు ఆందోళనకు దిగారు. అక్కడ యుద్ధం లేదు. చెప్పిన కారణమూ అబద్ధం కాదు. అయినా ఇన్నేళ్లూ నష్టం మోసింది ఎవరు? ఉద్యోగం వస్తుందని జీడితోట వదులుకున్నవాడు. కంపెనీకి కారణం చెప్పుకోవడానికి కాగితం, వకీలు ఉన్నారు. ఆ రైతు అర్జీ నీ ఫైల్లో ఉండదు. కాబట్టి అతని తరఫు సంగతి నువ్వే గుర్తుపెట్టుకోవాలి.

నీ ఫైల్లోని కంపెనీకి మార్కెట్ ధర కంటే తక్కువకు భూమి ఇచ్చారంటే, ఆ తగ్గించిన సొమ్ముకు బదులే గడువులోగా ఫ్యాక్టరీ కట్టాలన్న షరతు. షరతు మాఫీ చేస్తే జనం సొమ్ము మాఫీ చేసినట్టే. కష్టం నిజమని తేలితే యుద్ధం తినేసిన కాలం మేరకు గడువు పెంచమని రాయి. ఈలోగా ఇక్కడ చెయ్యగలిగిన పనికి నెలవారీ తేదీలు పెట్టమను. గడువు దాటితే భూమి వెనక్కి అన్న వాక్యం ఒప్పందంలో ఉంటే, దాన్ని మాత్రం కొత్త గడువుకూ ఉన్నదున్నట్టు ఉంచు. పైవాళ్లు వేరేలా నిర్ణయిస్తే అది వాళ్ల సంతకంతో పోతుంది. నీ నోట్‌లో తేదీలూ ఫొటోలూ ఉంటే చాలు, రేపు ఎవరు ఫైలు తెరిచినా నిజం దొరుకుతుంది.

ఇట్లు,
మీ తాతయ్య