స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ ఏం చేస్తారు?

మన బడిలో అక్షరాలు నేర్పే మేమంతా వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళమే. పిల్లవాడు వినకపోతే అల్లరి, రాయకపోతే బద్ధకం అనుకోవడమే మాకు తెలుసు. మా క్లాసులో ఒక అబ్బాయి పద్యం రెండుసార్లు వింటే అప్పజెప్పేవాడు. గుణింతం రాయమంటే మాత్రం పెన్సిల్ పడేసేవాడు. రెండో ఏడు వాళ్ళమ్మగారు మెల్లగా చెప్పారు: "వీడికి స్కూల్లో ఐ.ఈ.పీ. ఉందండీ. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు."

అదేమిటో అప్పుడు తెలుసుకున్నాం. అమెరికాలో 1975లో వచ్చిన చట్టం (1990 నుంచి దీన్ని ఐడియా అంటున్నారు) ప్రకారం, వైకల్యం ఉన్న పిల్లలకు తగిన చదువు ఉచితంగా చెప్పడం ప్రభుత్వ బడుల బాధ్యత. ఐ.ఈ.పీ. అంటే ఆ ఒక్క పిల్లవాడి కోసం రాసిన ప్రణాళిక. దాన్ని రాయడంలో, నడిపించడంలో ముఖ్యమైన పాత్ర స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్‌ది. "బాగా చదవాలి" అని రాస్తే చాలదు. ఇప్పుడు నిమిషానికి ఎన్ని మాటలు తప్పుల్లేకుండా చదువుతున్నాడు, ఏడాదికి ఎన్ని చదవాలి, ఇలా కొలవగలిగేట్టు రాయాలి. (టెస్ట్ చెయ్యలేని రిక్వైర్‌మెంట్ రాస్తే మా ఆఫీసుల్లోనూ ఒప్పుకోరు!) ఆ లెక్క ఎప్పటికప్పుడు చూసుకుంటూ, పరీక్షలో అదనపు సమయం ఇవ్వమని క్లాసు టీచర్‌కి చెబుతూ, స్పీచ్ థెరపిస్టుతో మాట్లాడుతూ ఉంటారు.

వేరే గదిలో కూర్చోబెట్టేస్తారని మనవాళ్ళ భయం. వీలైనంతవరకు తోటి పిల్లలతోనే ఉంచాలని చట్టమే చెబుతోంది. చాలాచోట్ల ఈ టీచరే మామూలు క్లాసులోకి వచ్చి పక్కన కూర్చుంటారు.

మీటింగులో తల్లిదండ్రులూ సభ్యులే. మొదటి పరీక్షలకు మీ అంగీకారం తప్పనిసరి. ప్రణాళికను ఏడాదికొకసారైనా సమీక్షించాలి. ఇంగ్లీషు ఇబ్బందైతే దుబాసీని అడగవచ్చు. మనం మాత్రం తలూపి సంతకం పెట్టి వచ్చేస్తాం!

ఇంకో మాట. ఇంగ్లీషు సరిగా రాకపోవడం ఒక్కటే కారణంగా వైకల్యం ఉందని తేల్చకూడదు. అందుకే పిల్లవాడు తెలుగులో ఎలా మాట్లాడతాడో, ఎక్కడ తడబడతాడో టీచర్‌కి మీరే చెప్పాలి. ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు. రెండు భాషలు వినడం వల్ల వైకల్యం రాదు. నాయనమ్మతో తెలుగు మాన్పించనక్కరలేదు.

ఆ అబ్బాయికి స్కూల్లో ఏం చేస్తున్నారో వాళ్ళమ్మగారిని అడిగి, పెన్సిల్ పక్కనపెట్టి అట్టముక్కల మీద అక్షరాలు రాసిచ్చాం. బల్లమీద పేర్చి గుణింతం పూర్తిచేశాడు. ఈ ఏడు మన చేరిక ఫారంలో ఒక ప్రశ్న కలిపాం: "మీ పిల్లలకు ఎలా చెబితే బాగా అర్థమవుతుంది?" దయచేసి ఖాళీగా వదలకండి. రాసింది ఆ క్లాసు టీచర్ దాటి బయటికి పోదు.